మసి కింద పేరు

ఆకాశ్, నువ్వు ఫోన్లో అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను. మన ఇంటి కిటికీకి వేలాడే ఆ ఎక్స్‌రేలో ఎముక ఎందుకు లేదంటే, అది మనిషిది కాదు. కాగితానిది. నవ్వకు. కాగితానికి కూడా ఎక్స్‌రే తీస్తారు. నేనూ మీ ముత్తవ్వా దాన్ని పట్టుకుని చంద్రపూర్ దాకా పోయి తీయించుకొచ్చాం. అప్పుడు మీ నాన్న కాలేజీలో ఉన్నాడు. రాజురా బస్టాండు దగ్గర పసుపు బోర్డు పెట్టి కొత్తగా ఎస్టీడీ బూతు తెరిచారు. మీకు పుణెలో తెలుగు వింటే తెలుస్తుంది గానీ చదవడం రాదు కాబట్టి ఇది మీ అమ్మ చదివి వినిపిస్తుంది. పూజా, నువ్వూ కూర్చుని విను, మధ్యలో లేచి పోవద్దు.

మీ ముత్తవ్వ అంటే నాకు అత్త. లక్కడ్‌కోట్ ఊరంతా ఆమెను లక్ష్మీబాయి అనేవారు. అది ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరు కాదు. మన సరిహద్దు ఊళ్ళవాళ్ళు మాట్లాడేది తెలుగే గానీ, పెళ్ళిళ్ళలో పక్కనున్న మరాఠీవాళ్ళ పద్ధతులు కొన్ని పట్టుకున్నారు. కోడలు గడప దాటగానే పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో అందులో కొత్త పేరు రాస్తారు. ఆ రోజు నుంచి ఆమె పేరు అదే. మా అత్తగారింట్లో ఇంకో పద్ధతి కూడా ఉండేది. లగ్నపత్రికలో పెళ్ళికూతురి పాత పేరు ఉంటుంది కదా, దాని మీద దీపపు మసి పూసేసేవారు. పుట్టింటి దిష్టి ఆ పేరు పట్టుకుని వెతుక్కుంటూ రాకూడదని.

అత్తకు పెళ్ళయ్యేనాటికి పాలపళ్ళు కూడా ఊడలేదు. ఆ వచ్చిన ఎండాకాలమే ఆమె పుట్టిన ఊళ్ళో గత్తర తగిలింది. అంటే కలరా. తల్లి, తండ్రి, అన్నలు అందరూ పోయారు. ఊళ్ళో మిగిలిన నలుగురూ ఊరొదిలి ఎటో పోయారు. పుట్టింట్లో ఆమెను "పిల్లా" అని పిలవడమే ఆమెకు గుర్తు. అసలు పేరు గుర్తులేదు. దిష్టి భయానికి అత్తింటివాళ్ళు ఆ పేరు ఎత్తకుండానే పోయారు, ఇక చెప్పేవాళ్ళు లేరు. మిగిలింది ఆ లగ్నపత్రిక, దాని మీద మసి.

నా పెళ్ళిలో కూడా పళ్ళెంలో బియ్యం పోశారు. అత్త గబగబా వచ్చి ఆ పళ్ళెం ఎత్తి బియ్యాన్ని చాటలో పోసేసింది. "ఈ ఇంట్ల ఒక్క పేరు వోయింది, సాలు" అంది. అందుకే నేను ఇప్పటికీ సుగుణనే.

ముసలితనం వచ్చాక ఆమెకు ఒక భయం పట్టుకుంది. మనలో ప్రాణం పోయేవాళ్ళ చెవిలో ఉయ్యాలలో పెట్టిన పేరుతో పిలవాలంటారు, విన్నారా? అది ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

"సుగుణా, సచ్చినంక ఆడ మా అమ్మ ఉంటది గదా. నన్ను గా పేరుతోనే పిలుస్తది. ఎవల్నో పిలుస్తుందనుకొని నేను ఎన్కకు సూడకుంట పోత. ఆమె ఒర్రుకుంట పిలుస్తనే ఉంటది. అప్పుడెట్ల?"

ఆ వానాకాలం కొట్టంలో జారిపడి ఆమె మణికట్టు విరిగింది. రాజురాలో ఎక్స్‌రే తీశారు. ఆ ఫిల్ము ఇంటికి తెచ్చి, ఎండకు ఎత్తిపట్టి, తన ఎముకలను తిప్పి తిప్పి చూసుకుంది. చూసి చూసి అడిగింది: "తోలు కింద బొక్కలు కనవడ్డయ్. మసి కింద అచ్చరాలు కనవడయా?"

మీ తాత నవ్వాడు. నేను నవ్వలేదు. రోజూ అదే ప్రశ్న. పాలు పిండేటప్పుడు, రొట్టెలు కొట్టేటప్పుడు, పత్తి చేన్లో కూడా. పత్తి ఏరడం అయిపోగానే ఆమెను బయలుదేరదీశాను. ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. మాది ఆసిఫాబాద్ వైపు, అక్కడి బడిలో తెలుగు చదివాను. మీ తాతకూ మీ నాన్నకూ మరాఠీ బడే.

లక్కడ్‌కోట్ నుంచి రాజురా

బస్సెక్కిన దగ్గర్నుంచీ అత్తకు కుదురు లేదు. పత్రికను చీర పెట్టెలోని రెండు అట్టల మధ్య పెట్టి, ఎర్రదారంతో కట్టి, కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. బస్సు గుంతలో పడితే లేచి నిలబడేది. కండక్టరు "ఆజీ, బసా బసా" అని, అవ్వా కూర్చో అన్నట్టు, మరాఠీలో అనేవాడు. కూర్చునేది. మళ్ళీ గుంత. మళ్ళీ లేచేది.

పక్కన ఒకామె గంపలో కోళ్ళు పెట్టుకుని కూర్చుంది. అంతసేపూ చూసి చూసి ఆగలేక అడిగింది.

"అవ్వా, ఏముందే అండ్ల? గంత గట్టిగ వట్టుకున్నవ్?"

"అండ్ల నేనున్న" అంది అత్త.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది, అత్తను చూసింది, కోళ్ళ గంపను మెల్లగా తన కాళ్ళ వైపు జరుపుకుంది.

రాజురా బస్టాండులో ఆలుబోండా తిన్నాం. ఒకే బెంచీ మీద ఒకరు తెలుగు, ఒకరు మరాఠీ, ఒకరు గోండి. కొట్టువాడు మూడింటిలోనూ చిల్లర లేదనే చెప్పాడు. చాయ్ రూపాయే గానీ గ్లాసు ఉంగరం వేలంత. అత్త తాగలేదు. అట్టలు కింద పెడితేనే గ్లాసు పట్టుకోగలదు మరి. చివరికి నేనే గ్లాసు పట్టి తాగించాను. జనం చూస్తున్నారు. చూడనీ.

ఆవర్‌పూర్

నేరుగా చంద్రపూర్ పోకుండా ఆవర్‌పూర్ వైపు ఎందుకు తిరిగామంటే, అక్కడి సిమెంటు కాలనీలో ప్రభాకర్ ఉన్నాడు. మా పుట్టింటి పక్కింటి పిల్లవాడు. ఫ్యాక్టరీ ల్యాబులో పని. వాళ్ళ దగ్గర ఎక్స్‌రే యంత్రం ఉందని మా అమ్మ చెప్పింది. ఉంటే ఇక్కడే పని అయిపోతుంది కదా అనుకున్నాను.

దారిలో బస్సు టైరు పోయింది. అందరం దిగి రోడ్డు పక్కన నిలబడ్డాం. సున్నపురాయి లారీలు ఒకదాని వెనక ఒకటి. టైరు మార్చేసరికి మా అందరి జుట్టూ కనుబొమ్మలూ తెల్లబడ్డాయి. ఇరవయ్యేళ్ళ కండక్టరు కూడా తాతలా ఉన్నాడు. అత్త తన చేతులు చూసుకుని అంది: "ఇగో, మనకు గూడ మసి వూసిండ్రు. గిది తెల్ల మసి."

కాలనీ చూసి అత్తకు మతి పోయింది. ఇళ్ళన్నీ ఒకటే తీరు, ఒకటే రంగు. గేటు దగ్గర ప్రభాకర్ ఇల్లెక్కడని అడిగితే, "నంబర్ చెప్పండి" అన్నారు. పేరు చెబితే ఎవరికీ తెలియదు. ఎవరినడిగినా నంబరే. మన ఊళ్ళో అయితే మేక పేరు చెప్పినా ఇల్లు చూపిస్తారు.

"వీళ్ళకు గూడ లగ్గమప్పుడు పేర్లు తీసేసిండ్రా ఏంది?" అంది అత్త.

ప్రభాకర్ భార్య శైలజది గుంటూరు వైపు. మంచి పిల్ల. గుమ్మంలోనే బకెట్టు నీళ్ళు పెట్టి, "వదినగారూ, ముందు కాళ్ళు కడుక్కోండి. అమ్మమ్మగారూ, ఆ అట్టలు ఇలా ఇవ్వండి, బల్ల మీద పెడతాను" అంది. అత్త ఇవ్వలేదు. అట్టలు చంకలో పెట్టుకునే కాళ్ళు కడుక్కుంది.

అన్నం, గోంగూర, కందిపొడి, నెయ్యి వడ్డించింది. మధ్యాహ్నం పూట అంత అన్నం తినడం అత్తకు అలవాటు లేదు. ఆమెకు జొన్నరొట్టె పడాలి. శైలజ "ఇంకాస్త వేసుకోండి, మొహమాటపడకండి" అంటుంటే నా చెవిలో అడిగింది: "ఏమంటుందే? తెలుగే గదా మాట్లాడుతుంది?" శైలజకు వినబడింది. నవ్వేసి లోపలికి పోయి, గోధుమ పిండితో రొట్టె చేసి తెచ్చింది. జొన్నది కాకపోయినా అత్త దాన్ని గోంగూరతో తినేసింది. "పచ్చడి మంచిగుంది గని నోరు మండవెట్టింది, మా కోడలు నోటి లెక్కనే" అంది. అది నా మీద వేసిన చెణుకు. నా నోరు నెమ్మది అని ఆమెకు తెలుసు.

భోజనాలయ్యాక ప్రభాకర్ పత్రికను కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. చేతితో చేసిన గరుకు కాగితం. మధ్యలో అరచేయంత నల్ల మరక. ఆ మరక మీద గట్టిపడిన బొట్టు, రూపాయి బిళ్ళంత.

"అక్కా, మా దగ్గర ఎక్స్‌రే ఉంది గని, అది బొమ్మ తియ్యదు" అన్నాడు. "పొడిని బిస్కెట్ లెక్క ఒత్తి లోపల వెడితే, అండ్ల సున్నం ఎంత, ఇనుము ఎంత అని చెప్తది. చూడదు. రుచి చూస్తది, గంతే."

అత్త ముఖం వాడిపోయింది. అట్టల దారం వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"ఆగు అవ్వా. ఇగో, ఇటు సూడు." మసి అంచున వెంట్రుకంత ఎర్రగీత బయటికి వచ్చి ఉంది. "అక్షరాలు ఎర్ర సిరాతోని రాసిండ్రు. పెండ్లి కాయిదాలు ఎనుకట ఇంగిలీకంతోని రాసేటోళ్ళు. ఇంగిలీకంల పాదరసం ఉంటది. పాదరసం ఎక్స్‌రేకు అడ్డం పడతది. మసి అంటే ఉత్త బొగ్గే, ఎక్స్‌రే దాంట్లకెళ్ళి దూకిపోతది. చంద్రపూర్ల చేతులు కాళ్ళకు తీసే దగ్గర, తక్కువ పవర్ల తీయిస్తే, కనవడ్డా కనవడొచ్చు."

"కనవడ్డా కనవడొచ్చా? కనవడుతదా?" అంది అత్త.

"చెప్పలేను అవ్వా." తర్వాత బొట్టు మీద వేలు పెట్టి నన్ను అడిగాడు, "ఇదేందక్కా?"

"బొట్టు తమ్ముడూ. పండుగకు పెడుతుంది."

"కుంకుమ అంటే పసుపే గదా. దాంతోని ఏం కాదు" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి పిల్లలూ.

తన కూతురు చెయ్యి విరిగినప్పుడు ఎక్స్‌రే తీసినతను చంద్రపూర్‌లో ఉన్నాడని, తన పేరు చెప్పమని చిరునామా చెప్పాడు. ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. తెల్లవారకముందే అత్త తయారై గుమ్మంలో కూర్చుంది.

బల్లార్‌పూర్

వర్ధా నది వంతెన దాటేదాకా అంతా బాగానే ఉంది. బల్లార్‌పూర్‌లో రైల్వే గేటు పడింది. బొగ్గు రైలు. డబ్బాలు పోతూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. అది పోయాక గేటు తీస్తారనుకుంటే అటువైపు నుంచి ఇంకోటి. బస్సులో మగవాళ్ళు దిగి బీడీలు వెలిగించారు. అత్త కూడా దిగింది. ఎక్కింది. మళ్ళీ దిగింది.

"నడుస్తనే పోదాం పా" అంది.

"ఇంకా చాలా దూరం అత్తా."

"కూసుంటే దగ్గరైతదా?"

అప్పుడు గాలి తిరిగి కాగితం మిల్లు వాసన కొట్టింది. కుళ్ళిన క్యాబేజీని ఉడకబెట్టినట్టు ఉంటుంది. అత్త ముక్కు మూసుకుంది. ముందు సీట్లో డ్యూటీకి పోతున్న ఒక మిల్లు పనివాడు ఉన్నాడు, మన తెలుగాయనే, కరీంనగర్ వైపు నుంచి వచ్చి అక్కడే ఉండిపోయాడు. నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

"కాయిదం వాసన అవ్వా. వెదురును ఉడకవెడితే గిట్లనే వస్తది. మాకు అలవాటైంది. సెలవుకు ఇంటికి పోతే ఈ వాసన లేక నిద్ర వట్టదు."

"కాయిదం ఉడుకవెడ్తరా?"

"ఉడుకవెట్టుడే. ఇంకొన్ని మిల్లులల్ల అయితే పాత కాయిదాలు గూడ నానవెట్టి మల్ల కొత్తవి చేస్తరు. అచ్చరాలన్ని కడుక్కపోతయ్. తెల్లగైతది."

అత్త అట్టలను రవిక మీదికి, రొమ్ముకు ఆనించుకుంది. ఆయన తమాషాకే చెప్పాడు, కానీ ఆమె ఆయన్ని దొంగను చూసినట్టు చూసింది. గేటు తీసే దాకా ఆయన వైపు వీపు పెట్టి కూర్చుంది. ఆయన దిగుతూ "పోయొస్త అవ్వా" అంటే, అట్టలను ఇంకా గట్టిగా అదుముకుంది.

చంద్రపూర్

కోట దర్వాజా దగ్గర దిగాం. రిక్షాలు, స్కూటర్లు, ఎద్దులబండ్లు అన్నీ ఆ ఒక్క దర్వాజాలోంచే దూరాలి. ఎవరూ ఆగరు. మధ్యాహ్నం కూడా కాలేదు, ఎండ మాత్రం నెత్తిమీద కొట్టింది. మన ఊళ్ళో ఎండకు వేప నీడ తోడుంటుంది. చంద్రపూర్ ఎండకు బొగ్గు ధూళి తోడు. తుడుచుకుంటే చెమట నల్లగా వచ్చింది.

ముందు తినాలని నేను పట్టుబట్టాను. బండి దగ్గర అటుకుల మీద మండే శనగల పులుసు పోసి ఇచ్చాడు. తర్రీ పోహా అంటారు. మనం అటుకులు పెరుగులో నానబెట్టుకుంటాం, వీళ్ళు వాటికి నిప్పు పెడతారు. ఒక ముద్దకే నా కళ్ళల్లోంచీ ముక్కుల్లోంచీ నీళ్ళు. అత్త మాత్రం ఇంకొంచెం పులుసు పోయించుకుంది. "శైలజ పచ్చడి తిన్నంక గిదేం కారం?" అంది. రెండు రోజుల్లో ఆమె కుదురుగా కూర్చుని తిన్నది అదొక్కటే.

ఎక్స్‌రే ఉన్నచోటు ఒక మేడ మీద. పైకెక్కేటప్పుడు మెట్ల మీద ఇద్దరు కట్లతో దిగుతున్నారు. లోపల టెక్నీషియన్ గజానన్. అతనికి తెలుగు రాదు. ప్రభాకర్ పేరు చెప్పాను. వచ్చిన పని మరాఠీలో విడమరచి చెప్పాను. ముందు నవ్వాడు. తర్వాత పత్రిక చూశాడు. నవ్వు ఆపాడు.

"డాక్టరు గారు భోజనానికి వెళ్ళారు. వచ్చేలోపు చేద్దాం" అన్నాడు. చీటీ పుస్తకం తీసి, అలవాటు ప్రకారం అడిగాడు: "పేషంటుచే నావ్?"

రోగి పేరేమిటని. నేను తెలుగులో చెప్పాను. అత్త అతన్నీ నన్నూ చూసి, "గది ఎరుకైతె గీడికెందుకొస్తుంటిమి?" అంది. నేను మరాఠీలో చెప్పేసరికి అతను తల గోక్కుని, పేరు గడిలో అడ్డగీత గీశాడు.

ఫిల్ము పెట్టే మామూలు పెట్టె ఎముకకు సరిపోతుంది గానీ కాగితానికి బొమ్మ మోటుగా వస్తుందని, ఫిల్మును ఒట్టి నల్ల కవరులో పెట్టి, దాని మీద పత్రికను పరిచాడు. పక్కన సీసంతో చేసిన చిన్న 'ఆర్' అక్షరం ఒకటి పెట్టాడు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి తెలియడానికి పెడతారట. యంత్రాన్ని పసిపిల్లల చేతికి పెట్టే దానికన్నా తగ్గించాడు. మమ్మల్ని బయట నిలబడమన్నాడు. అత్త పత్రికను అతని చేతికి ఎలా ఇచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తలుపు వేయగానే దానికి చెవి ఆనించింది. "సప్పుడేం రాలే" అంది. వచ్చింది. టక్‌మని ఒక్క శబ్దం. ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.

"కాయిదానికి నొప్పి కాలే గదా?"

చీకటి గదిలోంచి అతను తడి ఫిల్ము పట్టుకొచ్చి, లైటు డబ్బాకు తగిలించాడు. నల్లని పలక మీద బలపంతో రాసినట్టు తెల్లని గీతలు. ఉన్నాయి! అక్షరాలు ఉన్నాయి! కానీ నేను చదవలేకపోయాను. ఒక్కటీ తెలియలేదు. ఏ భాషో తెలియలేదు. అత్త నా ముఖాన్నే చూస్తోంది, ఫిల్మును కాదు.

అప్పుడు 'ఆర్' కూడా తిరగబడి ఉందని గజానన్ చూసుకున్నాడు. "అరే దేవా!" అని ఫిల్మును తిప్పి పెట్టాడు. అతనికి తెలుగు రాదు కదా, ఎటు తిప్పితే ఏముంది.

చదివాను. "చి. ల. సౌ." అని ఉంది. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. దాని పక్కన తెల్లని గుండ్రం. దాని తర్వాత "ల్లవ్వ".

"ఏమున్నది? సుగుణా, ఏమున్నది?"

"చివర ల్లవ్వ అని ఉంది అత్తా. ముందు అక్షరం..."

ముందు అక్షరం ఉండాల్సిన చోట ఆ గుండ్రం. ఒక్క గీత కనిపించకుండా నిండుగా తెల్లగా. గజానన్ దాన్ని చూశాడు, పక్కనున్న 'ఆర్' చూశాడు. రెండూ ఒకటే తెలుపు.

"ఇది కుంకుమ కాదు" అన్నాడు. "సీసం. మారుతికి పూసే సిందూరం. ఎవరు పెట్టారు?"

నేను అత్తను అడిగాను. ఆమె దాచలేదు.

"నేనే వెట్టిన. మీ మామ వోయినంక నాకు కుంకుమ ఎవలు ఇస్తరు? పేరంటానికి పిలుస్తరా? మారుతి రాయికి ఎవలన్న అడ్డమా? పండుగకు పొయి ఏలుతోని గీకి తెచ్చుకుంటి."

"దీని మీదనే ఎందుకు పెట్టినవ్ అత్తా?"

"నొసల్ల పెట్టుకోవద్దు గదా. నా పేరు గాడ ఉన్నదని ఎరుకే. నాకు బొట్టు వెట్టుకునే జాగ గదొక్కటే ఉండె."

పవరు పెంచి ఇంకోసారి తీశాడు గజానన్. మిగిలిన అక్షరాలు మాసిపోయాయి. గుండ్రం అలాగే ఉంది. అప్పుడు అతను సొరుగులోంచి బ్లేడు తీసి, గోరుతో బొట్టు అంచు తాకి చూశాడు. జాగ్రత్తగా గీకితే ఊడొస్తుంది, ఇంకోసారి తీస్తాను, ఒక్క అక్షరమే కదా అన్నాడు. నేను సరే అనబోయాను. నోటిదాకా వచ్చింది.

అత్తకు అతని పట్నపు మరాఠీ అర్థం కాకపోయినా బ్లేడు అర్థమైంది. పత్రికను బల్ల మీంచి లాక్కుంది.

"అత్తా, ఒక్క అచ్చరమే. పేరు దొరుకుతది."

"వద్దు."

"దీనికోసమే గదా వచ్చినం? మీ అమ్మ పిలుస్తదంటివి..."

"నొసల్ల లేదు. చేతులకు గాజుల్లేవు. గీడ ఒక్కదగ్గర ఉన్నది. గిది గూడ గీకుతె మల్లొక్కసారి ముండమోసినట్టే. ఒకసారి సాలు బిడ్డా." అట్టలు మూసింది. దారం చుట్టింది. ముడి వేసేటప్పుడు దారం మూడుసార్లు జారింది. నేను సాయం చేయబోతే చెయ్యి తోసేసింది.

గజానన్ బ్లేడు సొరుగులో పెట్టేశాడు. చేతికి తీసినదానికి ఎంత తీసుకుంటాడో అంతే తీసుకుని, మొదటి ఫిల్ము ఆరబెట్టి ఇచ్చాడు. మెట్లు దిగేటప్పుడు పైనుంచి వంగి, "ఆజీ, సావకాశ్" అన్నాడు. నెమ్మదిగా దిగమని.

తిరుగు దారి

మహాకాళి గుడికి పోదామన్నాను. వద్దంది. గాజుల దుకాణాల వీధి చూద్దామన్నాను, ఆ మాట ఎందుకన్నానా అని నాలుక కొరుక్కున్నాను. రాజురా బస్సులో కిటికీ దగ్గర కూర్చుంది. ఈసారి గుంతల్లో లేవలేదు. ఆమె కుదుటపడింది, అశాంతి నాకు అంటుకుంది.

ఎల్లవ్వ. మల్లవ్వ. పుల్లవ్వ. నల్లవ్వ. బస్సు చక్రంతోపాటు నా నోరు తిరుగుతూనే ఉంది. ఎల్లవ్వలు మన వైపు ఇంటికొకరు. మల్లవ్వ అయితే మల్లన్న మొక్కు ఉండాలి. పుల్లవ్వ అని ఎవరు పెట్టుకుంటారు? పెట్టుకోరా? మా పుట్టింటి వీధిలో ఒక పుల్లవ్వ ఉండేది కదా?

"ఏం గొణుక్కుంటున్నవే?" అంది అత్త.

"ఏం లేదు."

"ఊకో. తలకాయ నొస్తది."

రైల్వే గేటు దగ్గర ఈసారి ఒక్క క్షణం కూడా ఆగలేదు. తొందర లేనప్పుడు గేట్లన్నీ తెరిచే ఉంటాయి.

లక్కడ్‌కోట్

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున అత్త వాకిట్లో కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. నేను ఆమె వెనక, తలుపు చాటున నిలబడ్డాను. పెద్దగా కాదు, పిల్లను పిలిచినట్టు పిలిచాను.

"ఎల్లవ్వా..."

కందికాయ టప్‌మంది. గింజలు చాటలో పడ్డాయి.

"మల్లవ్వా..."

ఇంకో కాయ.

"పుల్లవ్వా..."

ఆగింది. మెల్లగా వెనక్కి తిరిగింది. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఆసిఫాబాద్ బస్సు హారను కొట్టింది. ఏం చెప్పమంటారు, అదీ అప్పుడే కొట్టాలా! దగ్గరికి పోయి కూర్చున్నాను.

"అత్తా, గదేనా?"

నా ముఖంలోకి చూసింది. ఎండలో తిరిగి నేనూ నల్లబడ్డాను, రెండు రోజులుగా సరిగా నిద్ర లేదు.

"నువ్వు పిలిచినవ్, నేను సూసిన. ఇంకేం గావాలె? ఇగో, గీ కాయలు ఒల్వు" అని చాట నా వైపు జరిపింది.

మళ్ళీ అడిగాను. మళ్ళీ మళ్ళీ అడిగాను, ఆమె ఉన్నన్నాళ్ళూ. "కాయలు ఒల్వు" అనేది. కాయలు లేని కాలంలో కూడా అదే అనేది. పత్రిక మీద బొట్టు మాత్రం పండుగ పండుగకూ పెట్టుకుంది. ఫిల్మును నేను కిటికీకి కట్టాను. ఎండ పడితే ఆ అక్షరాలు గోడ మీద కనబడేవి.

ఆమె పోయే రోజు చెవి దగ్గర కూర్చుని ముందు పుల్లవ్వా అని పిలిచాను. తర్వాత నాకు తెలిసిన పేర్లన్నీ పిలిచాను, ఒకటి తప్పినా ఇంకొకటి తగలాలని. ఆమె కళ్ళు తెరవలేదు. అటువైపు నుంచి వాళ్ళమ్మ ఏ పేరున పిలిచిందో నాకు తెలియదు, అది తెలుసుకునే దారి నాకు లేదు. నన్ను తొలిచేది అది కూడా కాదు.

ఆ రోజు వాకిట్లో ఆమె వెనక్కి తిరిగింది తన పేరు విన్నందుకా, బస్సు హారను విన్నందుకా, లేక రెండు రోజులు తన వెంట తిరిగిన కోడలు ఉత్తచేతులతో మిగలకూడదనా?